‘రివీల్’ పుట్టుక, వాడుక: విశాఖ ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: నమస్కారం. ఇవాళ మన మాట ‘రివీల్’. మాస్టారు స్టూడియోలోనే ఉన్నారు. గాజువాక నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

కాలర్ (గాజువాక): నమస్తే సర్. ‘షి రివీల్డ్ మీ ద సీక్రెట్’ అని రాస్తే మా ట్రైనర్ కొట్టేశారు. ‘టోల్డ్ మీ’ ఒప్పయినప్పుడు ఇదెందుకు తప్పు?

మాస్టారు: కొట్టెయ్యాల్సిందేనమ్మా. టెల్, షో, గివ్ వెనకాల మనిషిని నేరుగా పెట్టొచ్చు. రివీల్, డిస్‌క్లోజ్, ఎక్స్‌ప్లెయిన్‌ల వెనకాల ముందు విషయం రావాలి, మనిషి ‘టు’తో రావాలి. ‘రివీల్డ్ ద సీక్రెట్ టు మీ.’ తెలుగులో ‘నాకు చెప్పింది’, ‘నాకు వెల్లడించింది’ రెండూ ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి మనవాళ్లు ఇక్కడే జారతారు. ఇంకోటి, ‘రివీల్ అబౌట్’ అనొద్దు. మనం ‘గురించి’ అంటాం కదాని అక్కడ ‘అబౌట్’ తగిలించేస్తారు. మూడోది, ‘రివీల్ అయింది’ అన్న మన వాడుకని యథాతథంగా దించి ‘ద టైటిల్ రివీల్డ్ ఎస్టర్‌డే’ అని రాస్తారు. ‘వాజ్ రివీల్డ్’ అనాలి. పేపర్ హెడ్డింగులో ఆ ‘వాజ్’ని మింగేస్తారు, వాక్యంలో మింగకూడదు.

కాలర్ (గాజువాక): మరి డిస్‌క్లోజ్‌కీ దీనికీ తేడా సర్?

మాస్టారు: డిస్‌క్లోజ్ కాగితాల మాట. చెప్పాల్సిన బాధ్యతో, చెప్పకూడదన్న ఒప్పందమో ఉన్నచోట వస్తుంది. ఉద్యోగంలో సంతకం పెట్టించుకునేది నాన్-డిస్‌క్లోజర్ అగ్రిమెంట్. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8లో ఉన్నదీ డిస్‌క్లోజర్ నుంచి మినహాయింపులే. డైవల్జ్ ఎక్కువగా ‘కాదు’తో వస్తుంది, పేర్లు డైవల్జ్ చేయలేదు అంటారు. ఎక్స్‌పోజ్‌లో నింద ఉంది, మన బట్టబయలు. రివీల్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఎక్స్‌రే కూడా రివీల్ చేస్తుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. పెద వాల్తేరు నుంచి... హలో?

కాలర్ (పెద వాల్తేరు): హలో, నమస్కారం మాస్టారూ. నేను రిటైరయ్యానండి. మరేటంటే, మా మనవరాలు ఇంగ్లీషు చదువుతోంది, దానికి నేనే చెప్తుంటాను. నా డౌటు ఏటంటే, ‘రి’ అంటే మళ్లీ కదండీ. రీచార్జ్, రీప్లే. ‘వీల్’ అంటే ముసుగు. అలాగైతే రివీల్ అంటే మళ్లీ ముసుగెయ్యడం అవ్వాలి. తీసెయ్యడం ఎలాగయింది?

మాస్టారు: మంచి ప్రశ్న. లాటిన్‌లో వేలుమ్ అంటే తెర, ఓడ తెరచాప కూడా. వేలారె అంటే కప్పడం. రెవేలారె అంటే ఆ కప్పినదాన్ని వెనక్కి లాగడం. అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్ ‘రె’కి మళ్లీ అనే కాకుండా వెనక్కి, తిరగేసి అనే అర్థాలూ ఉన్నాయి. రిజైన్ చూడండి. సిగ్నారె అంటే ముద్ర వేయడం, రెసిగ్నారె అంటే ఆ ముద్ర విప్పడం, రద్దు చేయడం. రిజైన్ అంటే మళ్లీ సంతకం పెట్టడమని ఎవరైనా అనుకుంటే ఉద్యోగం పోతుంది.

కాలర్ (పెద వాల్తేరు): హ్హహ్హ, అవునండీ. అలాగైతే ఇంకోటండీ. మన ‘వెల్లడి’ ఉంది కదా. వెల్, వీల్. రివీల్ అంటే వెల్లడించడం. అర్థమూ అదే, శబ్దమూ అదే. ఇది మన మాటే అటెళ్లి ఉంటాదని నా ఉద్దేశం. ఇక్కడికి ఓడలొచ్చేవి కదా...

మాస్టారు: ఆగండాగండి. నేనెప్పుడూ చెప్పేది ఇదే. చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. ముక్కలు విడదీసి, ఏ ముక్క ఏ పని చేస్తోందో చూడాలి. వెల్లడి ‘వెలి’ నుంచి వచ్చింది. వెలుపల, వెలివేయడం అదే ఇల్లు. తమిళంలో వెళి. అంటే మనకి ‘వెలి’ అన్న ముక్కే బయట. లాటిన్‌లో ఆ ‘వేల్’ ముక్క తెర, అంటే కప్పేది. రెండూ ఎదురెదురు అర్థాలు! బయటపెట్టే పనంతా ‘రె’ చేస్తోంది. ఇక ఒకటెలా అవుతాయండీ?

కాలర్ (పెద వాల్తేరు): అంటే... వెలి బయట, వేల్ తెర. బావుంది. మరి వాయిల్ చీరలో వాయిల్?

మాస్టారు: ఆఁ, అదీ ప్రశ్నంటే! అది మాత్రం నిజంగా చుట్టమే. ఫ్రెంచిలో వేలుమ్ ‘వ్వాల్’ అయింది, ముసుగు. ముసుగులా పల్చగా ఉండే బట్టకి అదే పేరు. దాన్ని ఇంగ్లీషువాళ్లు వాయిల్ అన్నారు, మన బట్టల కొట్లూ అన్నాయి. ఇంకో చుట్టం మీ నోట్లోనే ఉంది. అంగిలి వెనక మెత్తగా వేలాడే భాగాన్ని వేలమ్ అంటారు. నాలుక వెనకభాగం దానికి తగిలితే పలికేవి క, గ. అందుకే వాటిని ఇంగ్లీషులో వీలర్ ధ్వనులంటారు. మనవాళ్లు కంఠ్యాలన్నారు.

కాలర్ (పెద వాల్తేరు): అబ్బో. మనవరాలికి చెప్తాను. అయితే మాస్టారూ, ‘రి’ అంటే మళ్లీ కదండీ, మరి...

మాస్టారు: ఇందాకే చెప్పుకున్నాం కదండీ. రిజైన్. రిజైన్ గుర్తుపెట్టుకోండి.

కాలర్ (పెద వాల్తేరు): ఆఁ ఆఁ, రిజైన్. ముద్ర విప్పడం. అయితే వెల్లడి మాత్రం...

మాస్టారు: కాదండీ.

యాంకర్: ధన్యవాదాలండీ, చాలామంది లైన్‌లో ఉన్నారు. మద్దిలపాలెం.

కాలర్ (మద్దిలపాలెం): సర్, ‘రెవెల్’ అని ఒక మాట చూశాను. రివీల్‌కి స్పెల్లింగ్ తప్పా?

మాస్టారు: తప్పు కాదు, వేరే మాట. రెవెల్ అంటే సంబరాలు చేసుకోవడం. పాత ఫ్రెంచిలో రెండూ ఒకేలా రాసేవారు కానీ మూలాలు వేరు. రెవెల్‌ది రెబెల్లారె, తిరగబడడం. బెల్లుమ్ అంటే యుద్ధం. రెబెల్‌కి తోబుట్టువన్నమాట. మళ్లీ అదే మాట, చెవిని నమ్మకండి. ‘రివీల్’లో నొక్కు ‘వీల్’ మీద, ‘రెవెల్’లో నొక్కు ‘రె’ మీద.

యాంకర్: మధురవాడ నుంచి, సైట్ ఇంజినీరట.

కాలర్ (మధురవాడ): సర్, డ్రాయింగ్‌లో కిటికీ దగ్గర ‘రివీల్ 130 ఎం.ఎం.’ అని ఉంది. ఏం బయటపెట్టమని?

మాస్టారు: ఏమీ బయటపెట్టొద్దు. గోడ బయటి ముఖం నుంచి ఫ్రేము దాకా లోపలికి కనబడే పక్కభాగం అది. గోడ 230, ఫ్రేము 100 అనుకోండి, ఫ్రేముని లోపలి ముఖానికి సమంగా నిలబెడితే బయట మిగిలేది 130. ప్లాస్టర్ మందం అందులో కలిపారో లేదో ఆర్కిటెక్టుని ముందే అడగండి, అక్కడే తేడాలొస్తాయి. పుట్టుక కూడా వేరే. ‘దించు’ అనే అర్థం ఉన్న పాత ఫ్రెంచి మాట అది, తెరతో సంబంధం లేదు.

యాంకర్: జిల్లా కోర్టు దగ్గర్నుంచి ఒక గుమాస్తాగారు. త్వరగా అడగండి.

కాలర్ (జిల్లా కోర్టు): సర్, మా పిటిషన్లలో ‘డిస్కవరీ’ అంటాం. కనిపెట్టడానికీ దానికీ ఏం సంబంధం?

మాస్టారు: డిస్కవర్‌కి మొదటి అర్థమే మూత తీయడం. కనిపెట్టడం తర్వాత వచ్చింది. కోర్టు పాత అర్థాన్నే పట్టుకుని కూర్చుంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 డిస్కవరీ, ఇన్‌స్పెక్షన్ గురించే. వాణిజ్య దావాలకి 2015 చట్టం మార్చిన ఆర్డర్ 11 శీర్షికలో డిస్‌క్లోజర్, డిస్కవరీ రెండూ ఉన్నాయి. మొదటిది అవతలివాళ్లు అడగకుండానే దావాతోపాటు మీరు పెట్టాల్సినవి, రెండోది అడిగి రాబట్టేది. ఒకదాని బదులు ఇంకోటి టైప్ చెయ్యకండి.

యాంకర్: భీమిలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (భీమిలి): వందనాలండీ. బైబిల్లో చివరి గ్రంథాన్ని ఇంగ్లీషులో రెవెలేషన్ అంటారు, మనం ప్రకటన అంటాం. కొందరు అపోకలిప్స్ అంటే ప్రళయం అంటున్నారు. ఏది సరైనదండీ?

మాస్టారు: గ్రీకులో అపోకలిప్సిస్ అంటే కప్పు తీయడమేనమ్మా. కలిప్తెయిన్ కప్పడం, ‘అపో’ తొలగించడం. లాటిన్‌వాళ్లు దాన్నే రెవెలాతియో అన్నారు. ఆ గ్రంథంలో లోకాంతం వర్ణన ఉంది కాబట్టి తర్వాత జనం నోట అపోకలిప్స్ ప్రళయమైపోయింది. ప్రకటన అన్న అనువాదం మూలానికి దగ్గరే. అదే కలిప్తెయిన్ మన జామాయిల్ చెట్టులో ఉంది. యూకలిప్టస్ అంటే బాగా కప్పబడినది. మొగ్గ మీద చిన్న టోపీలాంటి మూత ఉంటుంది, పువ్వు విచ్చేటప్పుడు అది ఊడిపోతుంది. చెట్టు కింద వెతికితే ఆ మూతలు దొరుకుతాయి.

కాలర్ (భీమిలి): మా చర్చి వెనకాల ఉన్నాయండీ ఆ చెట్లు, చూస్తాను. పలికేటప్పుడు ‘రివిలేషన్’ అంటున్నారు మావాళ్లు...

మాస్టారు: రె-వె-లే-షన్. నొక్కు ‘లే’ మీద. రివీల్‌లోని ‘వీ’ ఇక్కడ పొట్టిదైపోతుంది. ఇంకా, రివీల్ అనేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. పెదాలు గుండ్రంగా చుడితే అది చక్రం, ‘వీల్’. తెలుగులో రెంటికీ ఒకే ‘వ’ రాస్తాం కాబట్టి అద్దం ముందు పలికి చూసుకోవాలి.

యాంకర్: సమయం అయిపోయింది. మాస్టారూ, ధన్యవాదాలు. లైన్‌లో... మళ్లీ పెద వాల్తేరు వారే ఉన్నారు.

మాస్టారు: వెల్లడి కాదని చెప్పండి.