పాపా జో గురించి నాలుగు మాటలు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న బ్యాండు కళాకారులకు నమస్కారం. గురుపూర్ణిమ సభ కదా, త్యాగయ్య గారి గురువు శొంఠి వెంకటరమణయ్య గారి గురించి మాట్లాడమన్నారు. ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నన్ను మాత్రం ఇంకో గురువును తలుచుకోనివ్వండి.

ఆయన జో ఆలివర్. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పెరిగి, జాజ్ సంగీతం తొలి రోజుల్లో బ్యాండు నడిపినవాడు. జనం కింగ్ ఆలివర్ అనేవారు. జాజ్‌లో మహా కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీరు వినే ఉంటారు. ఆ లూయీకి ఈయనే గురువు.

లూయీ కటిక పేదింటి పిల్లాడు. ఆలివర్ భార్య స్టెల్లాకు బజారు పనులు చేసిపెట్టేవాడు. ఆలివర్ అతనికి కార్నెట్ అనే, ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యం నేర్పాడు, తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చేశాడు. స్టెల్లా అన్నం పెట్టేది. గురుకులవాసం అంటే ఇదే కదండీ! లూయీ ఆయన్ని 'పాపా జో' అని పిలిచేవాడు.

తర్వాత ఆలివర్ షికాగో వెళ్ళి, లింకన్ గార్డెన్స్ అనే డాన్సు హాల్లో పేరు తెచ్చుకున్నాడు. 1922లో లూయీని రమ్మని కబురు పెట్టాడు. అమ్మ చేసిచ్చిన చేప శాండ్‌విచ్ పట్టుకుని ఆ కుర్రాడు రైలెక్కాడు.

1923 ఏప్రిల్‌లో వాళ్ళు రిచ్‌మండ్ అనే ఊళ్ళో రికార్డులిచ్చారు. అప్పటికి మైకుల్లేవు. అందరూ ఒక పెద్ద బూర ముందు నిలబడి వాయించాలి. లూయీ శబ్దం మిగతావాళ్ళను మింగేస్తోందని అతన్ని దూరంగా నిలబెట్టారు. ఆ రికార్డుల్లో 'డిప్పర్‌మౌత్ బ్లూస్' అనే పాట ఉంది. ఈ రాత్రి ఇంటికెళ్ళి వినండి. ఆలివర్ కార్నెట్ మూతికి మ్యూట్ అనే మూత అడ్డుపెట్టి, మూస్తూ తెరుస్తూ వాయిస్తాడు. అచ్చం మనిషి గొంతే! ఎన్నో ఏళ్ళ పాటు బ్యాండు వాళ్ళు ఆ సోలోను ఉన్నదున్నట్టు వాయించారు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. రాయల్టీ డబ్బుల గొడవతో బ్యాండులో చీలిక వచ్చింది. లూయీ తన పక్కనే ఉంటే తనను దాటిపోడని ఆలివర్ అన్నాడని, ఆ బ్యాండులో పియానో వాయించిన లిల్ తర్వాత చెప్పింది. 1924లో లూయీ వెళ్ళిపోయాడు.

1927లో న్యూయార్క్ కాటన్ క్లబ్ పిలిస్తే డబ్బు చాలదని ఆలివర్ కాదన్నాడు. ఆ చోటు డ్యూక్ ఎలింగ్టన్ అనే మరో బ్యాండు నాయకుడికి దక్కింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ పళ్ళు. చిగుళ్ళ జబ్బు! కార్నెట్‌ను పెదవికి ఆనిస్తే నొప్పి. తన బ్యాండులోనే తన సోలోలు వేరేవాళ్ళకు ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ ఆగాలి. నాకు క్లారినెట్ నేర్పిన మాస్టారు పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళు వాయించారు. ముందు పళ్ళు ఊడాక ఆయన్ని మేళంలోకి పిలవడం మానేశారు. చివరి రోజుల్లో ఒక కిరాణా కొట్లో పొట్లాలు కట్టారు. పెళ్ళి ఊరేగింపు ఆ కొట్టు ముందు నుంచి పోతుంటే ఆయన వేళ్ళు పొట్లం మీద కదిలేవి. నేను చూశాను. బాబూ, బ్యాండు కుర్రాళ్ళూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, చిగుళ్ళలో రక్తం కనిపించిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెళ్ళి పెద్దలూ, బేరమాడేటప్పుడు ఆ వాయించేవాడి నోరు ఒక్కసారి చూడండి.

ఆలివర్ చివరికి జార్జియాలోని సవానా చేరాడు. బిలియర్డ్స్ హాలు ఊడ్చేవాడు. పొద్దున తొమ్మిదికి తెరిచి అర్ధరాత్రి మూసేవాడు. న్యూయార్క్ టికెట్టు కోసం కూడబెడుతున్నానని, డిబ్బీలో ఒక డాలరు అరవై సెంట్లు ఉన్నాయని అక్కకు ఉత్తరం రాశాడు. 1938లో పోయాడు. ఆ అక్క ఇంటద్దె డబ్బు పెట్టి ఆయన్ని న్యూయార్క్ తెప్పించి పాతిపెట్టింది. రాయి పెట్టించడానికి డబ్బు మిగల్లేదు.

అంతకు ముందు ఏడాది లూయీ కచేరీకి సవానా వెళ్ళాడు. అక్కడ కూరగాయలు అమ్ముతూ గురువు కనిపించాడు. జేబులో ఉన్నదంతా ఇచ్చేశాడు. ఆ రాత్రి లూయీ వాయిస్తూ పక్కకు చూస్తే, తాకట్టు కొట్టు నుంచి విడిపించుకున్న సూటు వేసుకుని, షోకుగా టోపీ పెట్టుకుని, తెర పక్కన నిలబడి వింటున్నాడు పాపా జో.