ఓడించడం మనకు బాగా వచ్చు

(హనుమకొండలో జరిగిన ఒక పౌర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న రిటైర్డ్ సార్లకు, సీట్లు ఉన్నా వెనకాలే నిలబడ్డ యువతకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ఓటరు అసహనం. ఎనుమాముల మార్కెట్లో కాంటా దగ్గర నిలబడ్డా, కాజీపేట జంక్షన్‌లో బండి కోసం కూర్చున్నా వినిపించే మాట ఒకటే: "వాళ్లూ అంతే, వీళ్లూ అంతే, ఎవరొచ్చినా మనకు ఒరిగేదేం లేదు." ఇట్ల అన్న మనిషే పోలింగ్ నాడు పొద్దున ఏడింటికల్లా లైన్‌లో ఉంటాడు. హైదరాబాద్ సంగతి వేరు, అక్కడ పోలింగ్ సెలవును చాలామంది సెలవుగానే వాడుకుంటారు. మన దగ్గర విసిగినవాడు కూడా వెళ్లి ఓటేస్తాడు. ఆ విసుగుతోనే గుద్దుతాడు.

పెద్దమనుషులను ఇంటికి పంపడంలో ఈ ప్రాంతానికి మంచి అనుభవమే ఉంది. 1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, హనుమకొండలో పి.వి.నరసింహారావు ఓడిపోయారు. ఆయన సొంతూరు వంగర ఇక్కడికి దగ్గరే. అప్పటికే ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా చేసిన మనిషి. గెలిచింది బీజేపీ నుంచి చందుపట్ల జంగారెడ్డి. ఆ ఎన్నికలో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చినవే రెండు సీట్లు. ఆ రోజుల్లో ఇక్కడ వీచింది తెలుగుదేశం గాలి అనుకోండి, అయినా ఓడించింది మన ఓటే. పీవీ మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు కాబట్టి లోక్‌సభలో అడుగుపెట్టారు, ఏడేళ్లకు ప్రధానమంత్రి అయ్యారు.

మొన్నటి 2023 చూడండి. ఆరుసార్లు గెలిచిన ఎర్రబెల్లి దయాకర్‌రావును పాలకుర్తిలో యశస్వినిరెడ్డి ఓడించారు. ఆమెకు అదే మొదటి ఎన్నిక. కామారెడ్డి ఓటర్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఉన్న ముఖ్యమంత్రి, కాబోయే ముఖ్యమంత్రి ఇద్దరూ అక్కడ పోటీ చేస్తే ఇద్దరినీ పక్కనపెట్టి మూడో మనిషిని, బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపించారు.

కాబట్టి మన ఓటరు మెతకవాడు, భయపడతాడు, కులం చూసి గుడ్డిగా వేస్తాడు అని టీవీ చర్చల్లో అంటుంటే నాకు నవ్వొస్తుంది. ఓడించడం మనకు బాగా వచ్చు. ఓడించిన తెల్లారి ఏం అడగాలన్నదే ఇంకా రాలేదు.

కాజీపేట సంగతే చూద్దాం. కోచ్ ఫ్యాక్టరీ కావాలని మనం అడగడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. 1980ల్లో మనకు రావాల్సింది పంజాబ్‌లోని కపుర్తలకు పోయిందని ఈ హాల్లో సగం మందికి గుర్తే. 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ అవకాశాన్ని పరిశీలించాలని రాశారు. అదే చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీని పరిశీలించాలనీ ఉంది, అంటే మన బయ్యారం మాట. "పరిశీలించాలి" అనే ఉంది, "పెట్టాలి" అని లేదు. కాజీపేటలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ములుగు గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఆ చట్టంలోనిదే, దానికి పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబరులో గానీ రాలేదు. ఈ మధ్యలో కాంగ్రెస్, తెలుగుదేశం, టీఆర్ఎస్, బీజేపీ అందరూ ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో అధికారంలో ఉండి వచ్చినవాళ్లే.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీది ఇంకా బాధ. నిజాం కాలం నాటి సంస్థ. 2002లో తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటు చేతికిచ్చింది. తర్వాత కాంగ్రెస్ వచ్చి సభాసంఘం వేసింది. తర్వాత వంద రోజుల్లో మేమే తీసుకుంటామన్న టీఆర్ఎస్ ఏలుబడిలో, 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు మళ్లీ కాంగ్రెస్ వచ్చి మంత్రివర్గ ఉపసంఘం వేసింది. ప్రతిసారీ ఓటరు కోపంతోనే మార్చాడు. సంఘాల పేర్లు మారాయి, గేటు తాళం మారలేదు.

ఇక కండువాల కథ. 2018 డిసెంబరులో 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను గెలిపిస్తే, ఆరు నెలల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఒకరు ఎంపీ అయి రాజీనామా చేయడంతో మిగిలింది 18. అందులో 12 అంటే సరిగ్గా మూడింట రెండు వంతులు, ఫిరాయింపుల నిరోధక చట్టం అడిగినంత. లెక్క అంత పక్కాగా కుదిరినందుకు ఆశ్చర్యపోవాలో మెచ్చుకోవాలో నాకిప్పటికీ తెలీదు. 2023 తర్వాత గాలి తిరిగింది. ఈసారి బీఆర్ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్ఎస్) వైపు నుంచి పది మంది కాంగ్రెస్ గూటికి చేరారని ఫిర్యాదులు. మన పక్కనే ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ పేరూ అందులో ఉంది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. 2019లో "ప్రజాస్వామ్యం ఖూనీ" అన్నవాళ్లు 2024లో "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అన్నారు. అభివృద్ధి కోసమే పోయామన్నవాళ్లు ఇప్పుడు ఖూనీ అంటున్నారు. స్క్రిప్టు ఒక్కటే, చదివేవాళ్లు సీట్లు మార్చుకున్నారు.

పార్టీని చూసి ఓటేస్తే మనిషి పోతాడు, మనిషిని చూసి ఓటేస్తే పార్టీ మారుతుంది. అసహనం రాకపోతేనే వింత.

కొందరు మిత్రులు నోటా అంటారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. మంచిదే. కానీ శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా దాని తర్వాత నిలిచిన అభ్యర్థే గెలుస్తాడు. మహారాష్ట్ర, హర్యానాల్లో స్థానిక ఎన్నికలకు 2018లో నిబంధన మార్చారు, అక్కడ నోటా గెలిస్తే మళ్లీ ఎన్నిక పెడతారు. అది లేనంతవరకు నోటా నొక్కడమంటే కోపాన్ని లెక్కలో రాయించుకోవడమే. ఓటు చెల్లకుండా పోవడం ఇంకో రకం. 2025లో కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 28 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. డిగ్రీ చదివినవాళ్ల ఎన్నిక అది! అక్కడ నిరసన ఎంతో, అంకె వేయడం రాక పోయినవెన్నో విడదీసి చెప్పే మార్గం లేదు.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నిజామాబాద్ పసుపు రైతులు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర హైవే మీద కూర్చున్నారు, పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని. ఎవరూ వినలేదు. ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికలకు 178 మంది రైతులు బరిలో నిలిచారు, ఒక్కో నామినేషన్‌కు 25 వేలు డిపాజిట్ కట్టి మరీ. మొత్తం అభ్యర్థులు 185. ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టింది. అంతకుముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పడానికి ఇదే పని చేశారు, అప్పుడు 480 మంది అభ్యర్థులు. ఆ ఏడాదే ప్రభుత్వం డిపాజిట్ పెంచింది. నీళ్ల కంటే డిపాజిట్ పెంచడం సులువు కదా.

నిజామాబాద్‌లో సిట్టింగ్ ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఇక్కడిదాకా మామూలు కథే. తర్వాత జరిగింది చూడండి. రైతులు ఆ కాగితాన్ని మరిచిపోలేదు. ఏడాది తర్వాత ఏడాది "బోర్డు ఏదీ" అని అడుగుతూనే ఉన్నారు. సుగంధ ద్రవ్యాల బోర్డు ఆఫీసు వచ్చిందంటే, మేమడిగింది అది కాదన్నారు. 2023 అక్టోబరులో ప్రధాని ప్రకటన, 2025 జనవరిలో నిజామాబాద్‌లో బోర్డు ప్రారంభం. పసుపుకు మద్దతు ధర ఇప్పటికీ లేదు, ఆ కొట్లాట ఆగలేదు. కానీ అడిగింది ఒక్కటే కావడం వల్ల, దానికి పేరూ ఊరూ ఉండడం వల్ల, మాట ఇచ్చినవాడు తప్పించుకోలేకపోయాడు.

మన వరంగల్ అట్లా అడిగిందా? 2022 మే 6న ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కాంగ్రెస్ వాళ్లు రైతు డిక్లరేషన్ చదివారు. రెండు లక్షల రుణమాఫీ, ఎకరాకు ఏటా 15 వేలు. మాఫీ 2024 జూలైలో మొదలైంది, అందనివాళ్లు బ్యాంకుల చుట్టూ తిరిగారు. 15 వేలు కాస్తా 12 వేలయ్యాయి. ఆ మూడు వేల తేడా మీద మన జిల్లాలో గట్టిగా అడిగిన గొంతులెన్ని? ప్రతిపక్షంలో ఉన్న బీఆర్ఎస్ అడిగింది. అడిగే హక్కు వాళ్లకూ ఉంది గానీ, దళితులకు మూడెకరాల భూమి సంగతేమిటని ఎదురడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్‌లలో 2019 నుంచీ ఎంపీలు బీజేపీ వాళ్లే, కాబట్టి మేం కొత్త అనే వాదన ఉత్తర తెలంగాణలో వాళ్లకూ చెల్లదు.

ఒక చేదు మాట కూడా అనాలి. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో డబ్బు కవరు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కిన వార్తలు మీరూ చదివారు. పక్కింటికి ఇచ్చి మాకియ్యలేదన్న బాధ నాకర్థమవుతుంది. కానీ కవరు పంచి గెలిచినవాడు, ఐదేళ్లలో ఎప్పుడు నిలదీసినా మనసులో "లెక్క చెల్లించేశా కదా" అనుకుంటాడు.

నేను చెప్పే పని చిన్నది. నాయకుడు ఏది ఇస్తానన్నా మూడు అడగండి: తేదీ ఎప్పుడు, జీవో నంబరు ఎంత, బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఎంత పెట్టారు. ఎంపీకి ఏటా 5 కోట్ల నిధులుంటాయి, మీ మండలంలో ఎక్కడ ఖర్చయ్యాయో సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడగొచ్చు. ఊళ్లలో పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుకు ముగిస్తే, దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్లే ఏలారు. మన ఎమ్మెల్యేలను తిట్టినంత గట్టిగా దాని గురించి ఎవరూ తిట్టలేదు. ఇప్పుడు సర్పంచులు వచ్చారు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తోంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని రాసి అడగండి, తీసుకున్నట్టు సంతకం తీసుకోండి.

నాకిచ్చిన టైం అయిపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి. ఏదైనా ఒక్క పార్టీనే తిట్టాలనుకునే మిత్రులు ఉంటే, వాళ్లకు చివర్లో మైకు ఇస్తాం.