కంటి కింద పుండు, పంటిలో జబ్బు

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో సింహం అనే గోధుమరంగు నాటు కుక్క ఉంది. ఆ పేరు మా మనవడు పెట్టాడు. ఉరుము వినబడితే మంచం కిందికి దూరే జీవికి ఆ పేరేమిటని అడిగితే వాడు నవ్వి ఊరుకుంటాడు. కుక్కల పళ్ల సంరక్షణ గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది సింహం పన్ను కాదు, దాని కన్ను. పంటికీ కంటికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదని నాకు తెలిసిన తీరు చెబుతాను.

కిందటి వేసవిలో ఒకనాటి ఉదయం దాని కుడి కంటికి కాస్త కింద, ఉసిరికాయంత వాపు కనిపించింది. రెండు రోజుల్లో అది చితికి, చీమూ నెత్తురూ కారాయి. వీధి కుక్కలతో కలబడి ఉంటుందని నేనన్నాను, ముల్లు గుచ్చుకుని ఉంటుందని మా ఆవిడ అంది, పసుపు అద్దాం. తగ్గకపోతే దగ్గరలోని వైద్యుడికి చూపించాం. ఆయన పూత మందూ మాత్రలూ ఇచ్చారు, పది రోజుల్లో పుండు మానింది. మూడో వారానికి సరిగ్గా అదే చోట మళ్లీ వాపు వచ్చింది. మళ్లీ మందులు వాడాం, మళ్లీ మానింది, మళ్లీ వచ్చింది. పుండు కంటి కింద ఉంది కాబట్టి మేమందరం కంటినే చూస్తూ కూర్చున్నాం.

చివరికి ఆటో మాట్లాడుకుని, రామవరప్పాడు రింగు దాటి, గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడి వైద్యురాలు పుండు వంక ఒక్క క్షణం మాత్రమే చూసి, బొటనవేలితో సింహం పై పెదవిని పక్కకు ఎత్తి, నన్ను వంగి చూడమన్నారు. పై దవడలో వెనక వైపున ఉన్న పెద్ద పన్ను, సున్నం పెచ్చు ఊడిన గోడలాగా, బయటి వైపు నిలువునా చీలిపోయి ఉంది. చీలిక మధ్యలో ఒక నల్లని చుక్క కనిపించింది. మూడు నెలలుగా మేము మందు పూసింది కంటికి, జబ్బు ఉన్నది పంటికి.

ఆవిడ చెప్పిన వివరం ఇది. ఎదిగిన కుక్కకు 42 పళ్లు ఉంటాయి, పై దవడలో 20, కింది దవడలో 22. వాటిలో మాంసాన్ని కత్తెరలాగా కోసే పెద్ద పన్ను పై దవడలో ఇటొకటి, అటొకటి ఉంటుంది. దానికి మూడు వేళ్లు. ఆ వేళ్లు కంటికి దిగువన ఉన్న ఎముకలోకి దిగి ఉంటాయి. పన్ను విరిగి లోపలి గుజ్జు బయటపడితే క్రిములు ఆ దారినే వేరు కొసదాకా పోతాయి, అక్కడ చేరిన చీము పలచటి ఎముకను తొలుచుకుని కంటి కింద బయటకు వస్తుంది. మాత్రలు వేసినప్పుడు చీము తగ్గుతుంది, కానీ పన్ను అక్కడే ఉంటుంది కాబట్టి మాత్రలు ఆపగానే చీము తిరిగి చేరుతుంది. ఎక్స్‌రే తీసి, పూర్తిగా మత్తు ఇచ్చి, పన్నును మూడు ముక్కలుగా కోసి ఒక్కొక్క వేరునూ విడిగా తీశారు. ఆ పుండు మళ్లీ రాలేదు.

మరి అన్నాళ్లూ నొప్పి మాకెందుకు తెలియలేదు? అది తిండి మానలేదు గనుక. కుక్క పన్ను నొప్పితో కూడా తింటుంది, తోక కూడా ఊపుతుంది. రొట్టె ముక్కను ఎడమ దవడతోనే నమిలేది, అప్పుడప్పుడు నోట్లోనుంచి జారవిడిచేది, నోరు కంపు కొట్టేది. కుక్క నోరు కంపు కొట్టక సాంబ్రాణి వాసన వస్తుందా అని నేనే వేళాకోళం చేశాను. నోరు కంపు కొట్టడం కుక్క స్వభావం కాదు, అది జబ్బు గుర్తు. ఈ మాట మరొకసారి చెబుతాను, నోరు కంపు కొట్టడం జబ్బు గుర్తు.

పన్ను విరగడానికి కారణం కూడా నేనే. ప్రతి ఆదివారం మూలుగ పీల్చుకున్న ఎముకను ప్రేమగా దానికి వేసేవాణ్ణి. గోటితో గట్టిగా నొక్కినా నొక్కు పడని వస్తువేదీ కుక్క నోటికి ఇవ్వకూడదని వైద్యురాలు చెప్పారు. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకోవడం అది వేరే ప్రమాదం.

పన్ను విరగకపోయినా గార పడుతుంది. పళ్లపై పేరుకున్న పాచి లాలాజలంలోని ఖనిజాలతో కలిసి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది, ఆ తరువాత చిగుళ్లు ఎర్రబడి, పళ్ల వేళ్లు వదులవుతాయి. గట్టిపడిన గారను మనం ఇంట్లో గీకకూడదు. మెత్తగా ఉన్నప్పుడే తుడిచివేయాలి, అంటే రోజూ తోమాలి.

మన పేస్టు మాత్రం వద్దు. కుక్క పుక్కిలించి ఉమ్మలేదు, అంతా మింగుతుంది. మన పేస్టులోని ఫ్లోరైడు దాని ఒంటికి మంచిది కాదు, కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం ప్రాణానికే ముప్పు. కుక్కల కోసం చేసిన పేస్టు మందుల దుకాణంలో అడగండి, దొరకకపోతే తడిపిన మెత్తటి గుడ్డను వేలికి చుట్టుకుని తుడిచినా కొంత మేలే. నోరు తెరిపించే పని లేదు. పెదవి ఎత్తి, పళ్ల బయటి వైపు, ముఖ్యంగా ఆ పెద్ద పన్ను దగ్గర తోమితే చాలు. మొదటి వారం పెదవి ఎత్తి వదిలేయండి, రెండో వారం వేలితో చిగురు తాకండి, తొందరపడితే అది మీ చేతినే చూసి పారిపోతుంది.

మా ఇంట్లో ఈ పని ఉదయం రేడియోలో ప్రాంతీయ వార్తల వేళ జరుగుతుంది. వార్తలు మొదలయ్యాయంటే సింహం తనంతట తానే వచ్చి, నా మోకాలి మీద గడ్డం ఆనించి, కుడి పెదవి నా వైపు తిప్పుతుంది.