పిసల్‌బండలో పాయిగాల చివరి ఇల్లు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంట్లో పనులు మానుకుని వచ్చారు, సంతోషం.

సంతోష్‌నగర్ వైపు ఉండేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఆ పక్కనే పిసల్‌బండ. ఉర్దూలో ఫిసల్‌నా అంటే జారడం, బండ మన తెలుగు మాటే. రెండు భాషలూ ఒక్క పేరులో కలిసిపోయిన ఆ పేటలో, ఇళ్ల మధ్య సందులోంచి లోపలికి వెళ్తే పాయిగాల సమాధులు కనిపిస్తాయి. అది ఒక కుటుంబం వాళ్ల శ్మశానం. చార్మినార్ నుంచి నాలుగు కిలోమీటర్లే. అయినా ఊరికి చుట్టాలొస్తే మనం గోల్కొండ, కుతుబ్‌షాహీ గోరీలు చూపిస్తాం కానీ ఇక్కడికి తీసుకురాం. నేనూ నలభై ఏళ్లు వచ్చేదాకా చూడలేదు. పక్క వీధిలో ఉండి కూడా చూడలేదే అన్న బాధ నాకు ఇంకా పోలేదు. ఈరోజు మాట్లాడుతున్నది అందుకే.

పాయిగాలు నిజాం తర్వాత అంతటి వాళ్లు. రెండో నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ అనే సేనాని ఈ వంశాన్ని పైకి తెచ్చాడు. ఆయనకు వచ్చిన బిరుదు షంసుల్ ఉమ్రా, అంటే ప్రభువుల్లో సూర్యుడు. మన విమానాశ్రయం ఉన్న శంషాబాద్ పేరు ఆ బిరుదు నుంచే వచ్చిందంటారు. నిజాం సొంత అశ్వదళం బాధ్యత వీళ్లది. ఆ సైన్యం ఖర్చుకే జాగీర్లు ఇచ్చారు. 18వ శతాబ్దం చివర్లో తేగ్ జంగ్ సమాధితో ఇక్కడి కథ మొదలైంది.

ఆయన కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆయనకు సైన్స్ అంటే ప్రాణం. యూరప్ సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత రాతి అచ్చు ప్రెస్‌లో వేయించాడు. అప్పటికి ఈ ఊళ్లో రైలు లేదు, కాలేజీ లేదు. అంత డబ్బున్న మనిషి ఖగోళం మీద, యంత్రాల మీద పుస్తకాలు అచ్చు వేయించడం నాకు ఏ ప్యాలెస్ కన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఆయన మనవలు ముగ్గురు: ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా. వీళ్ల తరంలో పాయిగా ఆస్తి మూడు శాఖలైంది. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఆస్మాన్ జాది, హుస్సేనీ ఆలంలో దేవిడీ, అంటే పెద్ద భవంతి, ఖుర్షీద్ జాది, ఫలక్‌నుమా వికారుల్ ఉమ్రాది. ఆస్మాన్ జా, ఆయన తర్వాత వికారుల్ ఉమ్రా హైదరాబాద్ దివాన్లుగా కూడా పనిచేశారు. 1898లో ఆస్మాన్ జా పోయాడు, 1902లో మిగతా ఇద్దరూ పోయారు. భవనాల సంగతి మీకు తెలుసు. ఫలక్‌నుమా వికారుల్ ఉమ్రా బతికుండగానే ఆరో నిజాం చేతికి వెళ్లింది, ఇప్పుడు హోటల్. బషీర్‌బాగ్ ప్యాలెస్ పేరు ఒక బస్ స్టాప్‌గా మిగిలింది. మూడు శాఖల వాళ్లూ చివరికి చేరింది మాత్రం ఈ ఒక్క చోటికే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ పేరు క్రికెట్ చూసేవాళ్లకు తెలుసు. 1930ల్లో మొదలైన ఆ టోర్నమెంట్ పేరు ఆస్మాన్ జా కొడుకుది. ఆయనా ఇక్కడే ఉన్నాడు.

ఆడవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతుళ్లు ఈ ఇంటికి కోడళ్లుగా వచ్చారు. ఖుర్షీద్ జా భార్య హుస్సేనున్నిసా బేగం వాళ్లలో ఒకరు. రాజు బిడ్డ సమాధి మీద పాలరాతి నగిషీ చూస్తే, పెద్ద పెద్ద నవాబుల సమాధుల కన్నా ఏమాత్రం తగ్గదు.

కట్టడం తీరు చూడండి. కుతుబ్‌షాహీల గోరీల మీద పెద్ద గుమ్మటాలు ఉంటాయి కదా, ఇక్కడ చాలా సమాధులకు పైకప్పే లేదు. చుట్టూ గోడ, టేకు తలుపులు, జాలీలు అనే చిల్లుల అల్లిక తెరలు, పైన ఆకాశం. దేవిడీలో ఆడవాళ్లు ఉండే జనానా ఎలా ఉండేదో అలాగే. బయటి చూపు పడకుండా గాలీ వెలుతురూ వచ్చేలా కట్టుకున్నారు. బతికినప్పటి మర్యాదనే ఇక్కడికీ తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది. ఒక జాలీ అల్లిక ఇంకో జాలీకి ఉండదు. గోడల మీద పూలు, కూజాలు, పళ్లు, అన్నీ డంగు సున్నంతో చేసిన గచ్చు పని.

ఈ సున్నం దగ్గరే అసలు టెన్షన్. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, ఉప్పు పొంగుతుంది, రెండు వందల ఏళ్ల పువ్వు పెళ్లలుగా రాలిపోతుంది. ‘కొంచెం సిమెంట్ కొడితే అయిపోతుందిగా’ అని మంచి మనసుతో అనేవాళ్లను చూశాను. దయచేసి అలా అననివ్వకండి. 2023లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన రెండున్నర లక్షల డాలర్లతో ఆగాఖాన్ ట్రస్ట్ ఆరు సమాధి కట్టడాల మరమ్మతు చేపట్టింది. పాత పద్ధతిలోనే, సున్నంతోనే. ఆ పని చేసే మేస్త్రీ చెయ్యి దొరకడమే కష్టం. పువ్వు రేకును సున్నం ఆరేలోపు చెక్కాలి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడ కలుద్దాం. ఆ ఎండలో జాలీ నీడలు నేల మీద పడతాయి, పిల్లలను తీసుకురండి. గోడలను చేత్తో తాకకుండా చూసుకోండి. ఎవరైనా పోయినవాళ్ల కోసం ఫాతిహా ప్రార్థన చదువుతుంటే, వాళ్లు ముగించేదాకా మనం తలుపు బయటే ఉందాం.