పేరున్న కాలేజీ అయితేనే డాక్టర్ సీటు వస్తుందా?

హాయ్ అండీ. అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి రిచర్డ్‌సన్ వెళ్తున్నాం, యూటీ డల్లాస్ యూనివర్సిటీ క్యాంపస్ చూడటానికి. మా అమ్మాయికి మెడిసిన్ చదవాలని ఉంది. మన దగ్గరైతే బైపీసీ, నీట్ ర్యాంకు, నేరుగా ఎంబీబీఎస్. ఇక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయాలి. విజయవాడలో మా పెద్దమ్మకి ఎన్నిసార్లు చెప్పినా, “నాలుగేళ్లు చదివినా ఇంకా డాక్టర్ కాదుటే?” అంటుంది.

ఆ డిగ్రీ ఎక్కడ చేయాలన్నదే మా ఇంట్లో పంచాయితీ. మావారికి ఈస్ట్ కోస్ట్‌లో సీటొచ్చిన ప్రైవేటు యూనివర్సిటీ మీదే మనసు. ఏడాదికి 80 వేల డాలర్ల పైమాటే. తర్వాత మెడికల్ స్కూల్ ఫీజు వేరే!

దేశం మొత్తంలో మెడికల్ స్కూళ్లకి ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మంది. ముందు చూసేవి జీపీఏ (డిగ్రీ గ్రేడ్ల సగటు), ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష). కాలేజీ గొప్పదని జీపీఏకి పాయింట్లు కలపరు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చిందంటే ఎక్కడైనా అది సి గ్రేడే. అలాగని పేరుకు విలువే లేదనను. పెద్ద రీసెర్చ్ మెడికల్ స్కూళ్లలో కొన్ని దాన్నీ చూస్తాయి. కానీ టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్లకే, ఫలానా కాలేజీలోనే చదవాలన్న షరతు లేదు.

నా టెన్షన్ కాలేజీ సీటు గురించి కంటే, ఆ చదువులో నెగ్గుకురావడం గురించి. ఎంక్యాట్‌లో కార్స్ (CARS) అని, చదివింది ఎంత అర్థమైందో చూసే సెక్షన్ ఉంటుంది. చరిత్ర, తత్వశాస్త్రం లాంటి విషయాల మీద పేరాలిచ్చి ప్రశ్నలడుగుతారు. బట్టీ పట్టి గట్టెక్కే పిల్లలు అక్కడే తడబడతారు. హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల క్రెడిట్‌తో బయాలజీ, కెమిస్ట్రీ దాటేద్దామనుకుంటే, కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, పై కోర్సులు చేసి రమ్మంటాయి.

అందుకే టూర్‌లో డార్మ్ గదులు, డైనింగ్ హాల్ కంటే నాకు కావాల్సినవి వేరే ఉన్నాయి. ఆర్గానిక్ క్లాసులో ఎంతమంది ఉంటారు? రికమండేషన్ లెటర్ రాసేంతగా ప్రొఫెసర్‌కి మా పిల్ల తెలుస్తుందా? హాస్పిటల్లో వాలంటీరింగ్‌కి కారు తప్పనిసరా? ఇవన్నీ రాసుకొచ్చాను. “అమ్మా, అందరి ముందూ నువ్వు అడగొద్దు, నేనే అడుగుతా” అని ఇప్పుడే కాగితం లాక్కుంది.