"బాగానే ఉన్నానండీ" అంటే కేసు పోతుంది

టీలు తాగుతూనే వినండి, పర్వాలేదు. నేను లాయర్ని కాను. అమెరికా వచ్చి పదిహేనేళ్ళు స్టోర్లో నిలబడి పనిచేసి, నడుం ఆపరేషన్ తర్వాత మానేసి, సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీకి, అంటే జబ్బుతో పనిచెయ్యలేనివాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకి, పెట్టుకుని, రెండుసార్లు కాదనిపించుకుని, జడ్జి ముందు కూర్చుని వచ్చినవాణ్ణి. అంతే నా అర్హత.

మొదటి డినయల్ ఉత్తరం రాగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పోనీలే, మళ్ళీ కొత్తగా అప్లై చేద్దాం." ఆ పని చేస్తే పాత అప్లికేషన్ తేదీ చేజారిపోవచ్చు. చెయ్యాల్సింది అప్పీలు, అదీ ఉత్తరం అందిన 60 రోజుల్లో. ఉత్తరం మీదున్న తేదీకి ఐదు రోజులు కలిపి, అప్పటికి మీకు చేరినట్టే లెక్క వేస్తారు. కవరు విప్పకుండా ఫ్రిజ్ మీద పడేసే అలవాటుంటే ఇవాళే మానండి. ముందు రీకన్సిడరేషన్, అంటే ఆఫీసువాళ్ళు కేసు మళ్ళీ చూడటం; అదంతా దాదాపు కాగితాల మీదే. అక్కడా కాదంటే మళ్ళీ 60 రోజుల్లో హియరింగ్, అంటే జడ్జి ముందు విచారణ, అడగాలి. తర్వాత అప్పీల్స్ కౌన్సిల్, ఫెడరల్ కోర్టు ఉన్నాయి గానీ, మన గోడు మన నోట వినేది హియరింగ్‌లోనే.

అది సినిమా కోర్టు కాదు. చిన్న గది, ఒక్కోసారి ఫోనో వీడియోనో. మనకి ఎదురు వాదించే లాయరుండడు. ప్రమాణం చేయించి రికార్డు చేస్తారు. చాలాసార్లు వొకేషనల్ ఎక్స్‌పర్ట్ అని, ఏ పనికి ఎంత సత్తువ కావాలో తెలిసిన నిపుణులు ఒకరుంటారు. "ఇంత బరువే ఎత్తగలిగిన, ఇంతసేపే నిలబడగలిగిన మనిషికి ఉద్యోగాలున్నాయా?" అని జడ్జి ఆయన్ని అడుగుతారు. ఆ 'ఇంత' ఎంతో మన మాటల్లోంచి, మన డాక్టర్ కాగితాల్లోంచి తేలాలి. జబ్బు పేరు ఒక్కటే చెబితే చాలదు.

నన్ను "రోజూ ఏం చేస్తారు?" అనడిగారు. "వంట చేస్తానండీ" అన్నాను. పరువు మరి! మా లాయరు మొహం మాడిపోయింది. ఆయన గుచ్చి గుచ్చి అడిగితే గానీ నిజం బయటికి రాలేదు: స్టూలు మీద కూర్చుని కూర తరుగుతాను, పావుగంటకి వెళ్ళి పడుకుంటాను, కుక్కర్ దించేది మా ఆవిడ. డాక్టర్ పలకరించినా "బాగున్నా" అనేస్తాం కదా, ఆయన అదే రాసుకుంటాడు. రెండేళ్ళ తర్వాత ఆ ముక్క జడ్జి ముందుకొస్తుంది.

ఇంగ్లీషు తడబడితే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు. కొడుకుని మాత్రం కూర్చోబెట్టకండి. బాత్రూంకి ఎవరో పట్టుకెళ్ళాలన్న మాట కొడుకు ముందు తండ్రి నోట రాదు.

కొత్త కాగితాలేమున్నా హియరింగ్‌కి కనీసం ఐదు పనిదినాల ముందు అందాలి. లాయరు ఫీజు మామూలుగా గెలిస్తేనే, అప్పటిదాకా పేరుకుని మనకి వచ్చే పాత బకాయిలో 25 శాతం. దానికి పైపరిమితి ఉంది, 2024 నవంబర్ చివర్లో 9,200 డాలర్లు చేశారు.

మా ఆవిడ గుడి క్యాలెండర్ మీద, నేను మంచం దిగలేని రోజుకల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది. జడ్జి ఎక్కువసేపు చూసింది దాన్నే. వెనక బల్ల మీద పెట్టాను, చూసి వెళ్ళండి.