వత్తున్నం లింగమయ్యా

శ్రోతలకు నమస్కారం.

కొండెక్కేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంటుంది. సగం ఎక్కాక ఊపిరి అందకపోతే, ఇక మనవల్ల కాదనుకుని వెనక్కి తిరిగితే చాలు. అక్కణ్ణుంచి అంతా దిగుడే. లోయలోకి పోయే దారి అలా కాదు. అక్కడ ముందు దిగుతాం. దిగుతున్నంతసేపూ ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, కబుర్లు సాగుతాయి, ఫొటోలు పడతాయి. అప్పుచేసి పప్పుకూడు తిన్నట్టే అన్నమాట. ఆ అప్పు తీర్చాల్సింది మిట్టమధ్యాహ్నం, ఎక్కేటప్పుడు.

నల్లమలలో కృష్ణ పక్కన ఉన్న కాలిదారులు చాలావరకు ఇలాంటివే. వాటిలో రెండు మూడింటి గురించి ఈరోజు మీతో నాలుగు మాటలు.

మనలో చాలామంది కృష్ణను విజయవాడ దగ్గర చూసి ఉంటాం. అక్కడ నది విశాలంగా, తీరిగ్గా ఉంటుంది. నల్లమలలో ఆమె వేరే మనిషి. పైనంతా బల్లపరుపుగా అడవి. నడుస్తూ నడుస్తూ ఉండగా చెట్లు ఆగిపోతాయి, కాళ్ల ముందు నేల ఉండదు. దాదాపు 200 మీటర్ల కింద నీళ్లు కనిపిస్తాయి. ఆ గోడలు అంత నిటారుగా నిలబడటానికి కారణం రాయి. క్వార్ట్‌జైట్ అంటారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక, వేడికీ ఒత్తిడికీ ఇంత గట్టిగా మారింది. వానకు కరగదు, మట్టిలా జారదు. కానీ నిలువునా పగుళ్లు ఉంటాయి, ఆ పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా విడిపోతుంది. కొన్నిచోట్ల ఎవరో మేస్త్రీ వరసలు పేర్చి వదిలేశాడేమో అనిపిస్తుంది. నది ఇలా ఇరుకైన చోటు చూసే శ్రీశైలం డ్యాం కట్టారు. డ్యాం పొడవు 512 మీటర్లే, ఎత్తు మాత్రం 145.

నదికి ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. రాష్ట్రం విడిపోకముందు రెండూ ఒకటే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అందుకే ఇక్కడ బుద్ధి పుట్టినప్పుడు బ్యాగు తగిలించుకుని నడిచేస్తామంటే కుదరదు. అడవిలోంచి శ్రీశైలం పోయే తార్రోడ్డే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. ఇక కాలిబాటల సంగతి చెప్పేదేముంది. కొన్ని ఏడాదికి కొన్ని రోజులే తెరుస్తారు.

అలాంటిది సలేశ్వరం దారి. నాగర్‌కర్నూల్ జిల్లాలో, ఫరహాబాద్ గేటు నుంచి లోపలికి పోతే రాంపూర్ పెంట. పెంట అంటే చెంచుల గూడెం. అక్కణ్ణుంచి నడక. లోయ అడుగున ఉన్న లింగమయ్యకు చైత్ర పౌర్ణమికి జాతర జరుగుతుంది. పూజారులు చెంచులే.

నేను వెళ్లిన ఏడాది ఎండ మామూలుగా లేదు. తునికి చెట్లు తప్ప పచ్చగా ఉన్నది పెద్దగా కనపడలేదు. ఆకు రాల్చేసిన తపసి చెట్లు మాత్రం తెల్లటి ఒంటితో కొండవాలంతా నిలబడి ఉన్నాయి. చెంచులు జిగురు తీసేది ఈ చెట్టు నుంచే. దారి ఒకచోట గోడ నడుముకు కట్టిన మొలతాడులా ఉంటుంది. ఎడమ చెయ్యి రాయిని రాసుకుంటూ పోతుంది, కుడి కాలి పక్కన చెట్ల తలలు కనపడతాయి. మనిషి వెంట మనిషి పోవాల్సిందే. దిగే జనం, ఎక్కే జనం అక్కడే ఎదురవుతారు.

దిగేవాళ్లు ‘వత్తున్నం లింగమయ్యా’ అని కేక పెడతారు. ఎక్కేవాళ్లు ‘పోతున్నం లింగమయ్యా’ అంటారు. మొదట్లో నాకిది భక్తి అనే అనిపించింది. ఒక మలుపు దగ్గర తెలిసింది దాని ఇంకో ఉపయోగం. రాయి అవతల ఎవరున్నారో కనపడదు. కానీ ‘పోతున్నం’ అని వినపడింది. అంటే ఎదురుగా జనం వస్తున్నారు. ముందున్నవాళ్లు వీపులు గోడకు ఆనించి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. ఘాట్ రోడ్డు మీద లారీ హారన్‌కు ఇంతకంటే ఎక్కువ పని ఏముంది?

అడుగుకు చేరాక ఎండాకాలం సంగతే మరిచిపోతాం. ఎత్తు నుంచి సన్నటి ధార పడుతుంటుంది, కింద గుండం, పక్కన గుహలో లింగం. నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే మొదటి దోసిలికి పళ్లు జివ్వుమన్నాయి. పై అడవిలో ఆకు రాలిపోతున్న రోజుల్లో, కింద రాతి గోడకు పచ్చటి నాచు పట్టి ఉంది.

నా అప్పు వసూలైంది తిరుగు ప్రయాణంలో. తెచ్చుకున్న రెండు సీసాల నీళ్లూ దిగేటప్పుడే తాగేశాను. ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకు కుడి పిక్క పట్టేసి రాయిలా అయింది. ఒక పెద్దాయన ఆగి, పంచె కొంగు ముడి విప్పి, ఉప్పద్దిన మామిడికాయ ముక్క చేతిలో పెట్టాడు. ‘దిగేటప్పుడు ఉరికినవ్ గద బిడ్డా, గందుకే. కూసో జరసేపు’ అన్నాడు. కూర్చున్నాను. ఆ పులుపు ఇప్పటికీ నాలుక మీద ఉంది. సగం నీళ్లు తిరుగు దారికి ఉంచుకోవాలని ఎవరైనా చెప్తే వినమని నా మనవి.

ఇంకో మాట తేనెపట్ల గురించి. ఈ గోడలకు చాటలంత పట్లు వేలాడుతుంటాయి. అవి కొండతేనె ఈగలవి. ఒకటి కుడితే ఊరుకునే రకం కాదు, గుంపుగా తరుముతాయి. పట్టు కింద నిలబడి అగరొత్తులు వెలిగించినా, పొగ పెట్టినా, స్పీకర్లో పాటలు పెట్టినా ఇబ్బంది మనకే. చెంచులు మాత్రం తాడు పట్టుకుని అంచు నుంచి ఆ పట్టు దాకా దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలంటారు. అన్నదమ్ముణ్ణి కూడా నమ్మరు. ఎందుకంటే తన చెల్లెలి పసుపుకుంకాలు ఆ తాడు మీదే ఉన్నాయి కాబట్టి బావమరిది చెయ్యి వదలడు. ఇంత గట్టి ఇన్సూరెన్సు నేనింకెక్కడా చూడలేదు.

జాతర దాకా ఆగలేనివాళ్లకు మల్లెలతీర్థం ఉంది, వటవర్లపల్లి దగ్గర. మూడు వందల పైచిలుకు మెట్లు దిగితే జలపాతం. వానలు తగ్గిన తర్వాత, చలికాలం మొదట్లో బావుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగే ముందు ఒకసారి వెనక్కి తిరిగి మెట్లు చూసుకోండి. శ్రీశైలంలో పాతాళగంగ మెట్లున్నాయి, రోప్‌వే కూడా ఉంది కనుక అక్కడ ఆ బెంగ లేదు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించిన మెట్ల దారి అది. డ్యాం వచ్చాక కిందిమెట్లు నీళ్లలోకి పోయాయి. జలాశయం తగ్గిన వేసవిలో బురద పూసుకుని మళ్లీ బయటికొస్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపు నుంచి వచ్చే పాత దారి. రోడ్డు లేని కాలంలో శ్రీశైలం యాత్ర ఇదే. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. నలభై కిలోమీటర్ల పైబడిన అడవి. ఇప్పుడు శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే యాత్రికులను పంపుతారు. ఉగాదికి నడిచేవాళ్లలో ఎక్కువమంది కన్నడిగులు. బాగల్‌కోట్, విజయపుర, బెళగావి వైపు నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. పండక్కి పుట్టింటి సారె తెస్తారు.

భీముని కొలను అంటే పెద్ద లోయ. పెద్దచెరువు నుంచి వచ్చేవాళ్లు అందులోకి దిగి, అవతల కైలాసద్వారం దాకా నిటారుగా మెట్లెక్కాలి. ఆ మెట్లు ఒక్క కొలతలో ఉండవు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. నడిమధ్యన అరికాళ్లకు అరిగి నున్నగా మెరుస్తుంటాయి, అంచుల్లో ఏ ఏటిదో పసుపు.

లోయ అడుగున ఒక ముసలమ్మ కూర్చుని మూట విప్పుకుంటోంది. కాళ్లకు చెప్పుల్లేవు, పాత చీర చింపి పాదాలకు చుట్టుకుంది. మూటలో కొత్త చీర, రవికె గుడ్డ, డజను ఆకుపచ్చ గాజులు. గాజులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఏదీ పగల్లేదని చూసుకుని మళ్లీ కట్టింది. ఎంత దూరం నుంచి వస్తున్నావమ్మా అని అడిగాను. ఊరి పేరు చెప్పలేదు. చెయ్యి పైకి చూపించి, ‘మగళ మనె’ అంది. కూతురిల్లు.

మూట నెత్తిన పెట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. నేను సీసాలో మిగిలిన సగం నీళ్లు చూసుకుని, మూత బిగించి, ఆమె వెనకాల బయల్దేరాను.